పందుల వేటకు పిలవని మనిషి

మా ఊళ్లో అడవి పందిని కొట్టిన రోజు ఏ ఇంటి ముందు నిలబడినా మసాలా వాసనే. కాశిం సాహెబ్ ఇంటి ముందు మాత్రం ఏ వాసనా ఉండదు. ఆ రోజు ఆయన వీధి తలుపు దగ్గరగా వేసుకుంటాడు. తెరిచి ఉంటే మాంసం పొట్లాలు పట్టుకుని పోయేవాళ్లు ఆయన్ని చూసి సిగ్గుపడి, చేతులు వెనక్కి పెట్టుకుని, ఏదో దొంగతనం చేసినట్టు నడుస్తారు. వాళ్లకు ఆ అవస్థ ఎందుకని ఆయనే తలుపేసుకుంటాడు. ఇంత మర్యాద మనుషులకు ఉండకూడదు. నేనైతే తలుపు బార్లా తెరిచి, గడప మీద కూర్చుని, పోయేవాళ్లందరినీ పేరుపెట్టి పలకరించేదాన్ని.

తడ దాటి సముద్రం వైపు వస్తే మా ఊరు. అంతా ఇసుక నేల. సరుగుడు తోపులు, జీడిమామిడి చెట్లు, వాటి వెనక ముళ్లపొదల అడవి, అది దాటితే ఉప్పునీళ్లు. నేను పుట్టింది పూతలపట్టు పక్కన. పెళ్లి చేసి తెచ్చి ఇక్కడ పడేశారు. కాపురానికి వచ్చిన కొత్తలో సముద్రం హోరు విని, ఈ ఊళ్లో పిండిమర ఎప్పుడూ ఆపరా అని మా అత్తను అడిగాను. కాశిం సాహెబ్‌దీ మా పక్కే, పలమనేరు. ఇత్తడి గిన్నెలకు కళాయి పోసుకుంటూ ఊళ్లు తిరిగి తిరిగి ఇక్కడికి వచ్చాడు. ఆయిషా బీని చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. మా సీమ మనిషి కదా అని నేను ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని. నా కొడుకు జయచంద్రకు ఆయన మామ అయ్యాడు. సాహెబ్‌కు పిల్లలు లేరు. వాడు చిన్నప్పుడు మా ఇంట్లో కంటే ఆయన కొలిమి దగ్గరే ఎక్కువ ఉండేవాడు.

కళాయి పని ఎలా ఉన్నా, ఊళ్లో సాహెబ్‌కు విలువ తెచ్చింది దుప్పుల వేట. దుప్పిని కొట్టకూడదని ప్రభుత్వం అప్పటికే చెప్పింది. చెబితే వినే నోళ్లా ఇవి? మగవాళ్లంతా తప్పెట్లు కొట్టుకుంటూ అడవిలోకి దిగేవాళ్లు. సరుగుడు చెట్లకు వల కట్టి, దుప్పిని అందులోకి తోలేవాళ్లు. దుప్పి వలలో పడగానే నలుగురు కాళ్లు పట్టుకునేవాళ్లు. కాశిం సాహెబ్ పొద వెనక నుంచి లేచి వచ్చేవాడు. ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో చెంబు. దానికి గుక్కెడు నీళ్లు తాగించి, తల పడమటికి తిప్పి, అల్లా పేరు చెప్పి కత్తి పెట్టేవాడు. ఊపిరి ఉండగానే ఆయన కత్తి పడాలి. అలా పడని దుప్పిని మా ఊళ్లో ఎవరూ తినేవారు కాదు. ఎందుకంటే కూర వండేది అక్కడే, ఇసుకలో, ఒకటే గుండిగలో. సాహెబ్‌తో సహా అందరూ ఒకే వరుసలో కూర్చోవాలి. ఒకడు తినలేని కూర గుండిగలో ఎందుకని పెద్దవాళ్లు పెట్టిన కట్టుబాటు. మెడ మాంసం ఆయన వంతు. అది ఆయిషా బీ ఇంటికి వెళ్లేది, వండిన తర్వాత సగం మా ఇంటికి వచ్చేది.

పక్క ఊరి వాళ్లను ఇద్దరిని అడవి అధికారులు జీపెక్కించుకుపోయాక దుప్పుల వేట ఆగిపోయింది. అదే కాలంలో ఇంటింటికీ స్టీలు గిన్నెలు వచ్చి కళాయి కూడా ఆగిపోయింది.

తర్వాత పందులు పెరిగాయి. ఎన్నని చెప్పను. మునుపు అడవిలోపల ఎక్కడో ఉండేవి. ఇప్పుడు పిల్లల్ని వెంటేసుకుని పట్టపగలు మా పెరట్లోకి వస్తాయి, పిలిచిన చుట్టాల్లాగా. వేరుశనగ చేలో పడ్డాయంటే నాగలి అక్కర్లేదు. తినేది గుప్పెడు, తవ్వి పారేసేది చేనంత. ఊరివాళ్లు తిరిగి తిరిగి పందుల్ని కొట్టడానికి అనుమతి తెచ్చుకున్నారు. పాత వలలు మళ్లీ దించారు. మొదటి రోజున వేటకు పెద్దమనిషిగా నిలబడ్డ పరంధామయ్య అందరికీ ఒక మాట చెప్పాడు.

"సాయిబును పిలవబాకండప్పా. ఆయనతో ఆ పని గురించి మాట్లాడేది గూడా బాగుండదు."

అందరూ తల ఊపారు. తప్పేముంది, మంచి మాటే కదా. అంతే, ఆ రోజు నుంచి ఆయన్ని ఎవరూ పిలవలేదు. పిలవకపోవడంతో ఆగలేదు. టీ అంగట్లో పందుల ముచ్చట సాగుతుంటే, సాహెబ్ వస్తున్నాడని చూడగానే అందరూ నోళ్లు మూసుకునేవాళ్లు. పందులు తప్ప మాట్లాడుకోవడానికి ఈ ఊళ్లో ఏముంది? కాబట్టి ఆయన ఉన్నంతసేపూ టీ చప్పరించే చప్పుడే. ఆయనా తాగేసి, గ్లాసు పెట్టేసి, లేచి పోయేవాడు. వెనక మళ్లీ మాటలు మొదలయ్యేవి. అది ఆయనకు వినబడదా?

ఆయిషా బీ ఉన్నన్నాళ్లు ఎలాగో జరిగింది. తిట్టుకోవడానికైనా ఇంట్లో ఒక మనిషి ఉండేది. ఆమె పోయాక సాహెబ్ పొద్దున్నే వాకిలి ఊడ్చుకుంటాడు, గంజి కాచుకుంటాడు, ఆ తర్వాత పొద్దు గుంకేదాకా ఆయనకు పని లేదు. ఒకరోజు కరివేపాకు కోసం వాళ్ల పెరట్లోకి వెళితే, ఆ దుప్పి కత్తికి నూనె రాస్తూ కూర్చుని ఉన్నాడు.

"ఎవుర్ని కొయ్యడానికన్నా?" అన్నాను.

"తుప్పు పట్టకుండా, అంతే," అన్నాడు. కాసేపటికి, "చెంగమ్మా, నేనేమన్నా తప్పు చేసినానా?" అని అడిగాడు.

"ఎవురన్నారు?"

"ఎవురూ అనలేదు. ఎవురూ ఏమీ అనడంలేదు. అదే అడగతా ఉండా."

మొన్న మాఘమాసంలో ఒక పొద్దున జయచంద్ర వాళ్లు పందుల కోసం అడవిలోకి వెళ్లారు. పొద్దెక్కేసరికి నా ఫోను మోగింది. వాడే. వెనకాల కేకలు.

"అమ్మా, వలలో దుప్పి పడింది. పరంధామయ్య మామ సాయిబు మామను తోడుకొని రమ్మంటా ఉండాడు. బిరీన రా!"

నేను వీధిలో నుంచే అరిచాను. "అన్నా! నిన్ను పిలస్తా ఉండారు! దుప్పంట!"

అలా లేచిన మనిషిని నేను ఈ మధ్య చూడలేదు. కాళ్లూ మొహమూ కడుక్కున్నాడు. ఉతికిన లుంగీ కట్టుకున్నాడు, టోపీ పెట్టుకున్నాడు. కత్తిని గుడ్డలో చుట్టుకున్నాడు, చెంబు నింపుకున్నాడు. చెప్పులు తొడుక్కోవడం మాత్రం మరిచిపోయి ఉత్త కాళ్లతో బయలుదేరాడు. ముళ్లదారి. నేను వెనక నుంచి చెబుతూనే ఉన్నాను.

"కేసయితాదన్నా. కాలం మునుపట్లా లేదు."

"పిలిచినారు గదమ్మా," అన్నాడు, వెనక్కి తిరగకుండా.

చెంబులో నీళ్లు ఒలకకుండా అంత వేగంగా ఎలా నడిచాడో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు మోకాళ్లు పట్టేశాయి.

మేము వెళ్లేసరికి అందరూ గుండ్రంగా నిలబడి ఉన్నారు. ఆడ దుప్పి, వలలో పక్కకు పడి ఉంది. జయచంద్ర చేతిలో కర్ర ఉంది.

"తన్నుకుంటా ఉండింది మామా. వల తెంచుకోనిపోతాదేమోనని నెత్తిన ఒకటేసినాను. నువ్వొచ్చేదాకా ఆపాల గదా," అన్నాడు, మెచ్చుకుంటాడేమో అన్నట్టు.

సాహెబ్ ఇసుకలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. దాని ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. డొక్క మీద చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. అంతసేపెందుకో నాకు అర్థమైంది, అక్కడ ఎంతమందికి అయిందో తెలియదు.

"పోయింది," అన్నాడు.

"ఇంకా వెచ్చగా ఉండాది గద మామా! కత్తి పెట్టేయి. మేం ఎవురికీ చెప్పం."

"వెచ్చగా ఉంటే సాలదురా నాయనా."

చెంబులో నీళ్లు ఇసుకలో పోసేశాడు. పూడ్చిపెట్టండి, ఎవరూ చూడకముందే, అన్నాడు పరంధామయ్య. అది సాహెబ్ మీద గౌరవమో, జీపు మీద భయమో నాకు తెలియదు, రెండూ ఉండి ఉంటాయి. కుర్రవాళ్లు గొణుక్కుంటూ గుంత తవ్వారు.

అప్పుడు పక్కన తాటాకుల కుప్ప కింద నుంచి ఏదో గుర్రుమంది. అందరూ ఆకాశం వైపు చూశారు. మళ్లీ గుర్రుమంది, ఈసారి ఆకులు కూడా కదిలాయి. పరంధామయ్య గట్టిగా దగ్గడం మొదలుపెట్టాడు. సాహెబ్ వస్తున్నాడని, కాళ్లు కట్టేసిన పందిని ఆకుల కింద దాచిపెట్టారు మహానుభావులు!

"పరంధామయ్యా," అన్నాడు సాహెబ్, కత్తిని మళ్లీ గుడ్డలో చుట్టుకుంటూ. "ఆ ఆకుల కింద ఏందప్పా, కోడిపెట్టా?"

ఒకడు పుసుక్కున నవ్వాడు. ఆ తర్వాత అందరూ నవ్వారు. సాహెబ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే అడిగాడు.

"పందుల వేటకు గూడా నన్ను పిలవండప్పా. నేను దాన్ని ముట్టుకోను, తినను. గట్టుమీద కూర్చుంటాను."

నవ్వు ఆగిపోయింది.

"సీ, అదేం మాట సాయిబూ," అన్నాడు పరంధామయ్య. "నిన్ను తెచ్చి ఆ పని ముందర కూర్చోబెడితే మా మర్యాద ఏం కావాల?"

"మీ మర్యాదకు దండంరా సామీ. ఆ మర్యాదతోనే ఇంట్లో ఒక్కణ్ణే కూర్చోనుండా."

ఒకరిద్దరు వల మడతపెట్టడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండింది. "ఏమయ్యా, నోట్లో ఏమన్నా పెట్టుకోనుండారా? మనిషి నోరు తెరిసి అడగతా ఉండాడు. వస్తాడంట, కూర్చుంటాడంట. అది గూడా మీకు బరువా?" అన్నాను. పరంధామయ్య గడ్డం గోక్కుని, "సరే చెంగమ్మా, ఈసారి నేనే పోయి పిలస్తా," అన్నాడు.

అన్నమాట తప్పలేదు. తర్వాతి వేట రోజు తెల్లవారగానే ఆయనే సాహెబ్ తలుపు కొట్టాడు. నేను వాకిట్లో నుంచి చూశాను. సాహెబ్ తలకు తువ్వాలు చుట్టుకుని, కర్ర పట్టుకుని, చెప్పులు తొడుక్కుని అందరితోపాటు బయలుదేరాడు. కత్తి తీసుకోలేదు. మా చేను గట్టుమీద, జీడిమామిడి కింద ఆయన్ని కూర్చోబెట్టారట. "పందులు ఇటు తిరిగితే ఒక కేక పెట్టు సాయిబూ, మేము వచ్చేదాకా ఈడనే ఉండు," అని చెప్పారట. నాకు కడుపు నిండినట్టయింది.

మధ్యాహ్నానికి జయచంద్ర ఇంటికి వచ్చాడు. చేతిలో ఆకుపొట్లం.

"మామ యాడరా?" అని అడిగాను.

"ఇంటికి పోయుంటాడు."

"పోయుంటాడంటే? మీతో రాల్యా?"

వాడు తల గోక్కున్నాడు. "రెండు పందులు దొరికినాయి. ఆయన ముందర మోసుకోని రావడం బాగుండదని పరంధామయ్య మామ సముద్రం దారిన తిప్పుకోని తెచ్చినాడు. ఒళ్లంతా నెత్తురు గదమ్మా, ఎవురు పోయి చెప్పేది? వేరే ఎవురన్నా చెప్పింటారులే అనుకున్నా."

వాణ్ణి తిట్టడానికి కూడా ఆగలేదు. ఆ ఎండలో చేను దాకా వెళ్లాను.

సాహెబ్ గట్టుమీదే ఉన్నాడు. చెట్టు నీడ ఎప్పుడో ఆయన మీద నుంచి పక్కకు జరిగిపోయింది. ఆయన మాత్రం చూపించిన చోటు నుంచి జరగలేదు. ఎండకు మొహం కమిలిపోయింది. నన్ను చూసి నోటిమీద వేలు పెట్టాడు, మాట్లాడొద్దని. నేను దగ్గరికి వెళ్లాక మెల్లగా చెప్పాడు.

"ఈ పక్కకు ఒకటీ రాలేదు. తప్పెట్ల మోత గూడా ఎప్పుడో ఆగిపోయింది. దూరం పోయినట్టుండారు."

నా నోరు ఎలాంటిదో ఊరంతటికీ తెలుసు. ఆ రోజు మాత్రం ఒక్క మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"అయిపోయిందన్నా. ఇండ్లకు పోయినారు. సముద్రం దారిన."

ఆయన అడవి వైపు చూశాడు, తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు.

"దొరికినాయా?"

"రెండు."

"పెద్దవా?"

"పెద్దవే."

"అయితే మీ సేను నిలస్తాదిలే," అన్నాడు. "లేయన్నా, పోదాం," అన్నాను. ఆయన లేవలేదు.

"నువ్వు పోమ్మా. తోలినప్పుడు ఒకటీ అరా యాడన్నా నక్కి ఉంటాయి. పొద్దు వాలితే సేన్లో పడతాయి. కొంచేపు కూర్చోని వస్తా."

"నేను గూడా కూర్చుంటాలే."

"వద్దు. నీ ఇంట్లో గూడా పొయ్యి మీద ఉంటాది గదా."

ఉంటుంది. కోడలు ఈపాటికి పొయ్యి మీద పెట్టేసి ఉంటుంది. ఆయనతో కాదని చెప్పలేకపోయాను. లేచి వచ్చేశాను. తోపు మలుపు దగ్గర తిరిగి చూస్తే, కర్ర ఒళ్లో పెట్టుకుని పొదల వైపే చూస్తూ కూర్చుని ఉన్నాడు.