మా ఇంట్లో దేవుడి గొడవ

మా అమ్మాయి కోలాటం కర్రలు పట్టుకుని ఇంట్లోకి పరుగెత్తుకొచ్చిన సాయంత్రం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. చెప్పులు గుమ్మంలో ఒకటి, హాల్లో ఒకటి విసిరేసి, "అమ్మా, నన్ను గూడ తీసుకున్నరు! శ్రీరామనవమికి దేవరయాంజాల్ గుడిల కళ్యాణం ముందర మేమే ఆడతం!" అని అరిచింది. ఆ అరుపుకు వంటింట్లోంచి మా అమ్మ, బాల్కనీలోంచి మా ఆయన ఒకేసారి వచ్చారు. అమ్మ ముఖం వెలిగిపోయింది. ఆయన ముఖం చూశాక నాకు స్టవ్ మీద పాలు గుర్తొచ్చాయి. వంటింట్లోకి జారుకున్నాను.

పెళ్ళైన కొత్తలోనే మేమిద్దరం ఒక మాట అనుకున్నాం. పుట్టబోయే బిడ్డకు ఏ మతమూ నేర్పకూడదు, పెద్దయ్యాక కావాలంటే తనే ఎంచుకుంటుంది అని. ఆయనది గుంటూరు వైపు, దేవుడి ఊసే లేని ఇల్లు. నాది అలా కాదు. మేడ్చల్లో, మేం బాపు అని పిలిచే మా నాన్న దగ్గర, శనివారమంటే శనివారమే. చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం. తప్పితే పరీక్ష పోతుందనీ, ఇంట్లో ఎవరికో ఏదో అవుతుందనీ బాపు గట్టిగా నమ్మేవాడు, మమ్మల్నీ నమ్మించాడు.

ఆరో తరగతిలో ఒక శనివారం స్నేహితురాలి ఇంట్లో కోడిగుడ్డు తిన్నాను. తిన్న మరుక్షణం నుంచి బాపుకే ఏదో అవుతుందని భయం. బాపు సైకిల్ కనపడేదాకా వీధి మొదట్లోనే నిలబడ్డాను. నవ్వుతూ వచ్చాడు, సంచిలో జామకాయలు. ఎవరికీ ఏమీ కాలేదు! ఇంటిదాకా సైకిల్ వెనకాల ఎగిరి గంతులేస్తూ వెళ్ళాను. అయినా ఆ భయం పూర్తిగా పోలేదు. ఈ వయసులో కూడా శనివారం గుడ్డు కొట్టబోతే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. నా బిడ్డ చెయ్యి అలా ఆగకూడదు, అంతే నా పట్టు.

"ఇట్టాగే మొదలవుద్ది," అన్నాడు ఆయన, నేను పాలు దించి హాల్లోకి రాగానే. "ముందు పాటంటారు, తర్వాత వ్రతమంటారు. ఏమీ తెలియని వయసులో బుర్రలోకి ఎక్కించటం కాదా ఇది?"

అమ్మ ఊరుకుంటుందా! "దేవుడున్నడని మేం చెప్తె ఎక్కిచ్చుడు, లేడని మీరు చెప్తె ఎక్కిచ్చుడు గాదా అల్లుడా? ఏమీ తెల్వని వయసుల బువ్వ తినవెట్టిన్రు. అప్పుడు అడిగి పెట్టిన్రా?"

నాకు మాట తన్నుకొచ్చింది. "తినకపోతే పాపం తగుల్తదని బువ్వ చెప్పదు గదనే అమ్మా!"

ఇక ముగ్గురం ఒకేసారి అందుకున్నాం. ఎవరి మాటా ఎవరికీ వినపడటం లేదు. అమ్మాయి మా మధ్యకొచ్చి కర్రలు టకటకా కొట్టింది.

"నన్ను ఒక్కసారన్న అడుగుతరా?" అంది. "పోయినేడు ఫ్రెండ్సందరు గుడి లోపటికి పోతె నేను చెప్పుల కాడ నిలవడ్డ. నాకు ఇష్టం లేదేమో అనుకున్నరు. ఇష్టం లేక కాదు. లోపట ఏం చెయ్యాల్నో నాకు రాదు. వద్దనుడు వేరె, రాకపోవుడు వేరె."

ఆయన హాల్లో పడున్న చెప్పు తీసుకెళ్ళి గుమ్మంలో రెండోదాని పక్కన పెట్టాడు. చివరికి ఆయనే, "సరే, ఆడు. కానీ నిన్ను భయపెట్టే మాట ఒక్కటి నా చెవిన పడితే మాత్రం మానిపించేస్తా," అన్నాడు.

ఆ మాట మర్నాడే పడింది, అదీ మా అమ్మ నోటి నుంచే. అమ్మాయి మంచం దిగి నేరుగా కర్రల మీద చెయ్యి వేయబోతే, "తానం జెయ్యకుంట ముట్టకు బిడ్డా, కండ్లు వోతయి," అంది. నా ఒళ్ళు భగ్గుమంది. నేను నోరు తెరిచేలోపే పిల్ల పకపకా నవ్వింది.

"నిన్న సాయంత్రం తానం జెయ్యకుంటనే ముట్టిన గద అమ్మమ్మా! నీ ముక్కుపుడక గూడ మంచిగనే కనిపిస్తాంది."

అమ్మ ఒక్క క్షణం తెల్లబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "మీ తాతతోని ఎవ్వలన్న గిట్ల మాట్లాడిన్రా! అమ్మో!" అంతా విన్న మా ఆయన కూడా నవ్వేశాడు, మానిపించే మాట ఎత్తలేదు. దేవుడి విషయంలో మా ఇంట్లో నవ్వు వినపడటం నాకు తెలిసి అదే మొదలు.

అప్పటినుంచి తూంకుంటలో మా లేఔట్ పార్కు సాయంత్రాలు కర్రల చప్పుడుతో మోగిపోయాయి. వీడియో తీసే నెపంతో ఆయనా రోజూ వచ్చేవాడు.

నవమి నాడు దేవరయాంజాల్లో ఎండ మాడ్చేస్తోంది. పందిట్లో వడపప్పు, పానకం పంచుతున్నారు. సరిగ్గా ఆట మొదలయ్యే వేళకు మా అమ్మాయి జోడీకి కళ్ళు తిరిగాయి. ఆమెను నీడన కూర్చోబెట్టారు. "ఇగ ఎట్ల? జోడీ లేకుంటె ఆట సాగది! జల్దీ ఎవరన్న రాండ్రి!" అని నేర్పించే ఆవిడ కేకలు. అమ్మాయి చుట్టూ చూసి, సూటిగా వెళ్ళి వాళ్ళ నాన్న చెయ్యి పట్టి లాగింది.

"నేనా? నాకు రాదు!"

"నీకు అన్ని కోపులు, అన్ని అడుగులు వచ్చు నాన్నా! నువ్వు ఇంట్ల గరిటెలతోని కొడుతుంటే చూసిన!"

మా ఆయన ఫోను నా చేతిలో పడేసి ప్యాంటు అంచులు మడిచాడు. డప్పు అందుకుంది. మొదట్లో రెండడుగులు తప్పాడు, ఆ తర్వాత తప్పలేదు. అందరితో పాటు గొంతెత్తి "రామా" అని కూడా పాడేస్తున్నాడు! వేగం పెరిగింది. ఆడవాళ్ళ ఈలలు, పిల్లల చప్పట్లు. నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు.

"రామా అని పాడినవ్," అంది అమ్మాయి, ఆట అయ్యాక రొప్పుతూ.

"పాడకపోతే తాళం తప్పుద్ది," అన్నాడు, ఇంకా ఎక్కువ రొప్పుతూ.

ఆ తర్వాత కళ్యాణం. అయ్యగారు మంగళసూత్రం పైకెత్తి అందరికీ చూపిస్తుంటే అమ్మాయి అడిగింది, "అమ్మమ్మా, చేసుకుంటవా అని సీతమ్మను ఎవరన్న అడిగిన్రా?" పక్కవాళ్ళు తలలు తిప్పి చూశారు. నేను చప్పున అమ్మ వైపు చూశాను. బాపు బతికుంటే ఈ ప్రశ్నకు ఏమయ్యేదో నాకు తెలుసు.

అమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "తెల్వది బిడ్డా. నాకెవ్వలు చెప్పలే, నేను అడగలే. అయినంక నువ్వే పోయి అయ్యగారిని అడుగు."

తెల్వది! నా చిన్నతనంలో ఏ పెద్దవాళ్ళూ దేవుడి గురించి అనని మాట అది. నాకు అక్కడికక్కడే అమ్మను పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

తలంబ్రాలు అయ్యాక పిల్ల నిజంగానే జనాన్ని తోసుకుంటూ వెళ్ళింది. జవాబు వినాలని నేను లేచేసరికి మా ఆయన నాకంటే ముందు నడుస్తున్నాడు. అయ్యగారు నవ్వి, శివధనుస్సు నుంచి మొదలుపెట్టి ఓపిగ్గా చెప్పుకొచ్చారు. ఆ జవాబు మా అమ్మాయికి నచ్చలేదు. "అది రాముడికి పెట్టిన పరీక్ష గదా అయ్యగారు, నేను అడిగింది సీతమ్మ గురించి," అంది. అయ్యగారు మళ్ళీ మొదటి నుంచి అందుకున్నారు.