శ్రీనన్న సైకిల్ మీద ఒక్క రౌండు

మా చిన్నప్పటి ఆదివారాలన్నీ ఒకే చప్పుడుతో మొదలయ్యేవి... మా పెద్దనాయిన కొడుకు శ్రీనన్న సైకిల్ గంట. ఆ ట్రింగ్ ట్రింగ్ వినపడితే చాలు, నోట్లో ముద్ద నోట్లో ఉండగానే వీధిలోకి ఉరికేదాన్ని.

గుండ్లపోచంపల్లిలో మా వాడకట్టు పిల్లలందరిలో సైకిల్ ఉన్నది శ్రీనన్నకే. పెద్దనాయినకు పొలాలు ఎక్కువ, కొడుకు మీద ముద్దు అంతకన్నా ఎక్కువ. ఆ సైకిల్ నడిమి కడ్డీకి షాపులో చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా ఊడదీయనిచ్చేవాళ్లు కాదు. ముట్టుకోవాలంటే ముందు గౌనుకు చేతులు తుడుచుకోవాలి.

శ్రీనన్నది ఒక కానూను ఉండేది... వెనక నుంచి తోసినవాళ్లకే ఒక రౌండు. రౌండంటే మా గడప నుంచి రైలు గేటు దాకా పోయి రావడం. పోయేటప్పుడు అంతా ఎత్తు, వచ్చేటప్పుడు పల్లం. ఎక్కేటప్పుడు నేను తోయాలి. దిగేటప్పుడు ఆయన ఒక్కడే జుయ్యిమని పోతాడు, నేను చెప్పులు చేతిలో పట్టుకుని వెనక ఉరకాలి. ఇల్లు చేరాక రొప్పుతూ "అన్నా, ఇగ నాకియ్యి" అంటే...

"ఇంకో రౌండు అయినంక ఇస్త సుజీ."

ఆ ఇంకో రౌండు ఎన్నటికీ అయ్యేది కాదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని పెద్దలు ఊరికే అనలేదు. తొక్కడంలో కన్నా నా ఏడుపు మొహం చూడటంలోనే ఆయనకు మజా ఎక్కువ.

సీటు నాకు అందదు. అందుకే కైంచీ నేర్చుకున్నాను... కడ్డీ కింద నుంచి ఒక కాలు అవతలికి దూర్చి, ఒళ్లు పక్కకు వంచి తొక్కడం. సైకిల్ లేకుండా ఎలా నేర్చుకున్నావంటారా? గోడకు ఆనించిన నిచ్చెన మెట్ల మధ్య కాలు దూర్చి, గాలిలో తొక్కుతూ! మా అవ్వ... అదే, మా అమ్మ... చూసి "దీనికి పిచ్చి లేసింది" అనేది.

ఆ ఏడు దసరాకు శ్రీనన్న గట్టి మాటే ఇచ్చాడు.

"పూజ అయినంక, నిమ్మకాయ తొక్కిచ్చినంక, ఫస్టు రౌండు నీదే. అవ్వ తోడు!"

ఇంక నా సంబరం చూడండి... కోడి కూయకముందే లేచి సైకిల్ కడిగాను. ఒక్కో చువ్వా కొబ్బరినూనె గుడ్డతో తుడిచాను. వేళ్లకు సూది దిగుతున్నా బంతిపూల దండ గుచ్చి హ్యాండిల్‌కు కట్టాను. పెద్దనాయిన బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టాడు. శ్రీనన్న ఎక్కి దాన్ని టప్పున నలిపేసి దిగాడు. నేను పోయి హ్యాండిల్ పట్టుకుని, కడ్డీ కింద కాలు దూర్చాను.

అప్పుడు అరిచాడు శ్రీనన్న... "నాయినా! పూజ జేసిన సైకిల్ల కాలు వెడ్తాంది సూడు గిది!"

పెద్దనాయిన వచ్చి జడ పట్టి వెనక్కి గుంజాడు. "బొట్టు వెట్టినదాంట్ల కాలు దూరుస్తవా? ఆడివిల్లకు సైకిలేందే? కండ్లు నెత్తికెక్కినయా?"

క్షణం కింద కొడుకు ఎక్కి తొక్కింది కాళ్లతోనే కదా అని అక్కడ ఎవరికీ తోచలేదు. కాలు కడ్డీలో ఇరుక్కుని నేను పడ్డాను, సైకిల్ నా మీద పడింది. పెడల్ గీరుకుని మోకాలి కింద తోలు లేచింది. వాళ్లు ముందు సైకిల్‌ను లేపారు. హ్యాండిల్ వంకరపోయిందేమో చూసుకున్నారు. శ్రీనన్న కడుపు పట్టుకుని నవ్వాడు. అవ్వ కూడా నవ్వింది... అదొక్కటే ఇప్పటికీ మరిచిపోలేను.

ఇప్పుడు నాకు సొంత సైకిల్ ఉంది. సుచిత్ర చౌరస్తా దగ్గరి మా అపార్ట్‌మెంట్ వాళ్లం కొందరం ప్రతి ఆదివారం పొద్దున్నే శామీర్‌పేట చెరువు దాకా పోతాం. చల్లగాలి మొహానికి కొడుతుంటే, ఒక్కో ఊరు వెనక్కి పోతుంటే... ఆ సుఖం తొక్కినవాళ్లకే తెలుసు.

మొన్న శ్రీనన్న కూడా వస్తానన్నాడు. ప్లాట్ల బిజినెస్‌లో కూర్చుని కూర్చుని పొట్ట పెరిగింది, డాక్టర్ తొక్కమన్నాడట. గేర్ల సైకిల్ కొన్నాడు, దాని హ్యాండిల్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కూడా కట్టాడు. దారి పొడుగునా అందరికీ ఒకటే ముచ్చట...

"సిన్నప్పుడు నేను, మా చెల్లె మస్తు తొక్కేటోళ్లం. గిది నా సైకిల్ మీదనే నేర్చుకుంది!"

నేను గేరు మార్చి ముందుకు తొక్కాను.

శామీర్‌పేట ముందు ఎత్తు దగ్గర ఆయన పని అయిపోయింది. చొక్కా తడిసి ముద్దయింది, నోరు తెరుచుకుని రొప్పుతున్నాడు. నిజం చెప్పొద్దూ... నాకు కడుపు నిండింది.

"సుజీ... జర ఎన్కకెళ్లి తొయ్యరాదే. నాతోని అయితలేదు."

ఇన్నేళ్లూ దాచుకున్న మాట అది. ఒక్కో అక్షరం నమిలి మరీ చెప్పాను.

"ఇంకో రౌండు అయినంక తోస్త అన్నా."

శ్రీనన్న చెమట తుడుచుకుని నా మొహంలోకి చూశాడు.

"రౌండా? ఏం రౌండే?"

నాటకం కాదు. నిజంగానే గుర్తులేదు మనిషికి.

ఆయన్ను అక్కడే వదిలేసి ఎత్తు ఎక్కాను. పల్లంలో ఒక్కదాన్నే జుయ్యిమని దిగాను. అడ్డు లేదు, అడిగేవాళ్లు లేరు. అయినా ఎందుకో నా కాళ్లు ఇంకా ఆ సైకిల్ వెనకాలే ఉరుకుతున్నట్టు అనిపించింది.

ఇప్పుడు మా సెల్లార్ నిండా సైకిళ్లే... దుమ్ము పట్టి పడి ఉన్నాయి. ఒక్క రౌండు ఇవ్వమని ఎవరినీ బతిమాలే పనిలేదు ఈ కాలం పిల్లలకు.

రౌండు ఇస్తానని మిమ్మల్ని కూడా ఉరికించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే కింద రాయండి... వాళ్లకు గుర్తుందా అని మాత్రం అడగకండి.