కాలర్ మూల తిరిగే చోటు

టైలరమ్మ ముప్పై ఏళ్లుగా ఒకే రాక్ బ్యాండ్ పాటలు వింటూ చొక్కాలు కుడుతోంది. ఆ బ్యాండ్ డ్రమ్మర్ ప్రతి పల్లవికీ ముందు ఒక్క పిసరు నెమ్మదించేవాడు. ఆ నెమ్మదిలోనే కాలర్ మూల తిప్పడం, మిషన్ తొక్కే ఆమె కాలికి అలవాటైపోయింది.

పదేళ్ల విరామం తర్వాత ఆ బ్యాండ్ కొత్త ఆల్బమ్ వచ్చింది. పొద్దున్నే దుకాణంలో పెట్టుకుని విన్నారు.

"అబ్బ, ఎంత శుభ్రంగా ఉందో!" అన్నాడు బట్ట కత్తిరిస్తున్న భర్త.

"ఆస్పత్రి వరండాలా ఉందన్నయ్యా. నిద్రొస్తోంది," అంది గుండీలు కుడుతున్న ఆడపడుచు.

"నీకు పాత పాటలకీ నిద్రొచ్చేదిగా!"

"నువ్వు చెప్పు వదినా, ఎలా ఉంది?"

టైలరమ్మ ఆల్బమ్ అట్ట తిప్పి చూసింది. డ్రమ్మర్ పేరుంది, ఫొటో ఉంది.

"ఇది ఆయన వాయించింది కాదు," అంది. "పేరు ఆయనది పెట్టి, మిషన్‌తో వాయించారు. ముప్పై ఏళ్లు విన్నదాన్ని, నాకు తెలియదనుకున్నారు."

భర్త నవ్వాడు. "నువ్వు కుట్టేదీ మిషన్ మీదే కదే!"

"తొక్కేది నేనండీ."

ఆమె మళ్లీ కాలర్ అందుకుంది. మూల దగ్గరికి రాగానే కాలు తనంతట తానే నెమ్మదించింది. పాట మాత్రం ఆమె కోసం ఆగకుండా, అదే వేగంతో వెళ్లిపోయింది.