జకరయ్య మాస్టర్ అప్పగింతల పాట

మా కోడలు సునీత పెరట్లో ఇత్తడి బిందెలు చింతపండుతో తోముతుంటే ఆ వాసన వసారాలో కూర్చున్న నా దాకా వచ్చింది. ఇత్తడికి పులుపు తగిలితే ఒక వాసన పుడుతుంది, నాలుక చివర నాణెం పెట్టుకున్నట్టు. ఒకప్పుడు మా బ్యాండు మేళంవాళ్ల చేతులన్నీ అదే వాసన. పెళ్లికి పోయే రోజు పొద్దున్నే సూర్యాపేటలో జకరయ్య మాస్టర్ ఇంటి ముందు వరసగా కూర్చుని బాకాలు తోమేవాళ్లం. మాస్టర్ తన శాక్సాఫోన్‌ను మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ఒళ్లో పడుకోబెట్టుకుని, పసిపిల్లకు ఒళ్లు తుడిచినట్టు, తానే తుడుచుకునేవాడు.

మీరు ఆయన్ను చూసి ఉండరు. ఆయన టీవీలో రాలేదు, ఆయన వాయించింది ఒక్క క్యాసెట్టు కూడా లేదు. ఊదింది ఊదినచోటే గాలిలో కలిసిపోయింది. అయినా సూర్యాపేట నుంచి అటు కోదాడ దాకా, ఇటు మిర్యాలగూడ దాకా, ముహూర్తం పెట్టుకునే ముందు అయ్యగారినో పాస్టర్‌నో అడిగినట్టే ఆయన్నూ అడిగేవారు. వయసులో ఉన్నప్పుడు ఆయన ఒక సర్కస్ బ్యాండులో పనిచేశాడు. అక్కడే ఒక గోవా మనిషి ఆయన చేతికి శాక్సాఫోన్ పట్టించాడట. సర్కస్‌లో పాటకు కొలత ఉండదనేవాడు. ఊయల మీంచి దూకిన పిల్ల అవతలివాడి చేతులు అందుకునేదాకా ఊదుతూనే ఉండాలి. అందక వలలో పడితే, ఆ పడడాన్ని కూడా పాటలో కలుపుకోవాలి. ఆయన దీన్ని నవ్వులాటకు చెప్పేవాడు, మేమూ నవ్వి ఊరుకునేవాళ్లం. జాజ్ అనే మాట నేను మొదట విన్నది ఆయన నోటనే. అదేంది మాస్టర్ అని అడిగితే, “పక్కోడు ఏం జేస్తున్నడో సూసుకుంట ఊదుడు” అన్నాడు. ఆ మాట అప్పుడు నా తలకెక్కలేదు.

నేనప్పుడు మిర్యాలగూడ రైసు మిల్లులో హమాలీని. ఒకరోజు లారీ మీద నిలబడి, రోడ్డు అవతల ఉన్న డ్రైవర్‌ను ఈల వేసి పిలిచాను. హోటల్ ముందు టీ తాగుతున్న ఒక ఎర్రకోటు మనిషి గ్లాసు కింద పెట్టి నా దగ్గరికి వచ్చాడు. పేరు అడిగాడు, మల్లయ్య అన్నాను. ఆ ఈల ఇంకోసారి వేయమన్నాడు, వేశాను.

“దమ్ము మంచిగున్నది. బస్తాల కింద పాడు జేసుకుంటున్నవ్” అన్నాడు.

నాకు చదువు రాదని చెప్పాను. అప్పట్లో ఎవరు ఏ పనికి పిలిచినా ముందు ఆ మాటే చెప్పేవాణ్ణి, తర్వాత తిట్లు పడకుండా.

“సదువెవడు అడిగిండు? సెవులున్నయా, లేవా?”

అట్లా నా చేతికి క్లారినెట్ వచ్చింది. నేర్పడంలో ఆయనకు జాలి లేదు. నేను బాగా ఊదుతున్నానని మురిసిపోతుంటే ఆపి, నువ్వు ఊదేది నాకు వినబడుతున్నది, నేను ఊదేది నీకు వినబడుతలేదు అనేవాడు. ఎదుర్కోళ్ల పాటలు, బరాత్ పాటలు, చర్చి పెళ్లి పాటలు అన్నీ నేర్పాడు. ఒక్కటి తప్ప.

అప్పగింతలు మొదలుకాగానే మాస్టర్ ఎడమ చెయ్యి వెనక్కి చాపేవాడు. క్లారినెట్లు, ట్రంపెట్లు ఆగిపోవాలని దానర్థం. ఇక ఆయన శాక్సాఫోన్, పక్కన ఏసోబు పెద్ద డోలు, సైదులు చిన్న డ్రమ్ము, అంతే. నేను వెనక నిలబడి ఆయన కోటు వీపున చెమట మరక చూస్తుండేవాణ్ణి. ముందు నుంచి ఏడుపులు వినబడేవి. ఊరి మీద అరిచి బతికే ఆసాములు కూడా తువ్వాలలో మొహం దాచుకునేవారు. మోతెలో ఒక పెళ్లి అయ్యాక, ట్రాక్టర్ ఎక్కబోతూ ధైర్యం చేసి అడిగాను, ఆ పాట నాకు కూడా చెప్పమని.

“ఏ పాటరా?” అన్నాడు.

“అప్పగింతల పాట, మాస్టర్.”

“ఏ పాట?” మళ్లీ అదే మాట. పైగా నవ్వి, బీడీ ముట్టించుకున్నాడు.

నా ఒళ్లు మండింది. తెలియనట్టు నటిస్తున్నాడనుకున్నాను. కొడుకు సుధాకర్ కోసం దాచుకుంటున్నాడనుకున్నాను. ఆ సుధాకర్ ఏమో శాక్సాఫోన్ వంక చూడను కూడా లేదు, దామరచర్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనికి పోయాడు. కొన్నాళ్లకు మాస్టర్ చనిపోయాడు. డీజేలు వచ్చాయి, బ్యాండు ఖతం అయింది. ఆ తర్వాత కూడా బస్టాండులో ఎవరో ఒకరు ఆపి, నువ్వు జకరయ్య మాస్టర్ పక్కన వాయించినోడివి కదా, ఆ పాట జర వినిపించు అనేవారు. పళ్లు ఊడినయని చెప్పి తప్పించుకునేవాణ్ణి. పళ్లు ఊడడం సిగ్గేం కాదు. అన్నేళ్లు వెంట తిరిగిన గురువు ఒక్క పాట చెప్పకుండా పోవడం సిగ్గు. అరవై దాటాక సునీత నాకు అక్షరాలు దిద్దించింది. నా అంతట నేను రాసిన మొదటి పేరు జకరయ్య. అది రాస్తున్నప్పుడు కూడా కోపంగానే ఉన్నాను.

మొన్న ఎండాకాలం సుధాకర్ మా ఇంటికి వచ్చాడు. కూతురు స్నేహ పెళ్లి, కోదాడలో ఫంక్షన్ హాలు. “డీజే ఎట్లనో ఉంటది చిన్నాయినా. అప్పగింతలకు మాత్రం నాయిన పాట గావాలె. అమ్మ అడుగుతున్నది” అన్నాడు. వాళ్లమ్మ రత్నమ్మకు ఇప్పుడు చూపు ఆనదు. చెవులు మాత్రం పామువి. మాస్టర్ ఊదిన ప్రతి ఊపిరి విన్న మనిషి ముందు తప్పు వాయిస్తే తప్పించుకునే దారి లేదు. అది తెలిసీ సరే అన్నాను. రత్నమ్మ అడిగితే లేదనే నోరు నాకు లేదు.

అతను పోయాక సునీత తలుపు పట్టుకుని నిలబడింది. “నీకు ఆ పాట రాదంటివి గద మామా?”

“రాదు.”

“మరి?”

“తెలుసుకుంట.”

మా మేళంలో మిగిలింది ముగ్గురం. కట్టుడు పళ్లతో నేను, మిర్యాలగూడలో సైదులు, కోదాడలో ఏసోబు. సైదులు ఇంట్లో కలిశాం. వాళ్లిద్దరూ ఆ పాటకు తాళం వేసినవాళ్లు కాబట్టి గుర్తుంటుందని నా ఆశ. సైదులు ఒకటి తీశాడు. అది కాదని ఏసోబు ఇంకొకటి తీశాడు. మాట మీద మాట పెరిగి, నీ చెవులు ఎప్పుడో పోయినయంటే నీ మతి ఎప్పుడో పోయిందని అనుకునే దాకా వచ్చింది. టీ తెచ్చిన సైదులు భార్య లింగమ్మ ఇద్దరినీ చూసి నవ్వింది. ఆమె పెళ్లికి కూడా మాస్టరే వాయించాడు, మొగుడు పెళ్లికొడుకై ఆ రోజు డ్రమ్ము వేరేవాడికి ఇచ్చాడు.

“రెండూ కాదు” అని, కూనిరాగం తీసింది. అది గబగబా నడిచే పాట, అడుగు వేయాలనిపించే పాట. “గిట్ల ఉషారుగ ఉండె. నాకు ఏడుపే రాలే. బండి కాడికి నేనే ముందల నడిసిన.”

సైదులు మీసం దువ్వుకున్నాడు. నేను వేళ్లు లెక్కపెట్టాను. ఇప్పుడు మూడు పాటలయ్యాయి.

ఏసోబు నన్ను కోదాడలో ఒక రిటైరైన టీచరమ్మ ఇంటికి తీసుకుపోయాడు. ఆమె పెళ్లికీ మాస్టరే వాయించాడు, చదువుకున్న మనిషి, సరిగ్గా చెబుతుందన్నాడు. ఆమె చాలాసేపు కళ్లు మూసుకుని, ఆగి ఆగి, సన్నగా తీసింది. లింగమ్మ పాటకూ దీనికీ చుట్టరికమే లేదు.

“మా నాన్న గేటు దగ్గర ఆగిపోయారండీ. నేనూ ఆగిపోయాను. ఆయన కదిలేదాకా మాస్టర్‌గారు ఒకే స్వరం పట్టుకుని ఉన్నారు. దాన్ని పాటంటారో లేదో నాకు తెలీదు” అంది.

బయటికి వచ్చి హైవే పక్కన నిలబడ్డాం. ఇక లాభం లేదు, సుధాకర్‌కు ఫోన్ చేసి రాలేనని చెప్తానన్నాను. ఏసోబు చుట్ట తీసి, అది వెలిగించకుండానే, మామూలు సంగతి చెప్పినట్టు చెప్పాడు.

“ఆమె చెప్పింది నిజమే. పిల్ల ఆగితే మాస్టర్ ఆగుతుండె. నేను కట్టె లేపి పట్టుకొని అట్లనే నిలబడేది, చెయ్యి గుంజుతుండె. ఆయన కండ్లు ఎప్పుడు పిల్ల మీదనే.”

“ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?”

“నువ్వడిగితివా? ఎనక నిలబడ్డోనివి, నీకు వీపే కనబడ్డది. అది నా తప్పా?”

మునగాల వైపు లారీలు పోతున్నాయి. ఊయల మీంచి దూకే పిల్ల, వల, గోవా మనిషి, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఏ పాటరా అని ఆయన నన్ను వెక్కిరించలేదు. నేను ఏ పిల్ల పాట అడుగుతున్నానో ఆయనకు నిజంగానే తెలియలేదు. దాచిపెట్టడానికి ఆయన దగ్గర ఏమీ లేదు, నాకు ఇవ్వకుండా మిగిలింది కూడా ఏమీ లేదు. బస్తా దించాక హమాలీ వెంటనే నడవలేడు. ఒళ్లు తేలిపోతుంది, కాళ్లు భూమి మీద ఆనవు. కాసేపు అట్లా నిలబడ్డాను. ఏసోబు నా మొహం చూసి షుగర్ తగ్గిందేమోనని పరేషాన్ అయి సోడా కొనిచ్చాడు.

సోడా తాగాక మళ్లీ భయం వేసింది. పాట లేకపోతే ఏం వాయించాలి? “ముందల నిలబడు, గంతే” అన్నాడు ఏసోబు.

పెళ్లిరోజు మధ్యాహ్నం డీజే ఆపించారు. మాస్టర్ నిలబడేచోట నేను నిలబడ్డాను. స్నేహ ఏడవడం లేదు. చెప్పు పట్టీ ఊడితే ఒంటికాలి మీద నిలబడి సరిచేసుకుంటోంది. ఏడుస్తున్నది సుధాకర్. నేను క్లారినెట్ నోట పెట్టి ఊదితే మొదటి ఊపిరికే కట్టుడు పళ్లు కదిలి, అది కోడిపిల్లలా కీచుమంది. స్నేహ తలెత్తి పకపక నవ్వింది. అంతలో వలలో పడ్డ పిల్ల గుర్తొచ్చి, ఆ కీచునే మళ్లీ కావాలని ఊదాను. ఆ పిల్ల నవ్వు వెంట పోయాను. ఆమె నానమ్మ కుర్చీ దగ్గరికి నడిస్తే నేనూ నడిచాను. రత్నమ్మ మనవరాలి మణికట్టు పట్టుకుంది, వదలలేదు. నేనూ ఒకే స్వరం పట్టుకున్నాను, వదలలేదు. దమ్ము అయిపోతోంది. పక్కన ఏసోబు కట్టె గాలిలో ఉంది, సైదులు వేళ్లు డ్రమ్ము మీద కదలకుండా ఉన్నాయి. అప్పుడు స్నేహ కంట నీళ్లు చూశాను. రత్నమ్మ చెయ్యి వదిలింది. కట్టె డోలు మీద పడింది. కారు తలుపు పడేదాకా ఆ పిల్ల అడుగు వెంటే ఊదాను. ఏం ఊదానో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

రత్నమ్మ ముందుకు వంగి, కుర్చీ చేతులు పట్టుకుని, నేనున్న వైపు తల తిప్పింది.

“గదే పాట మల్లయ్యా. ఒక్క ముక్క తప్పు పోలే.”

నాయిన పాటే, అచ్చం అదే అని సుధాకర్ కూడా కళ్లు తుడుచుకుంటూ అన్నాడు. సైదులు ఏదో అనబోయాడు. ఏసోబు అతని కాలు తొక్కాడు.

ఆ రోజు నుంచి నాకు నిద్ర బాగా పడుతోంది. బస్టాండులో ఎవరైనా ఆ పాట అడిగితే పళ్ల సాకు చెప్పడం మానేశాను. ముందు వాళ్ల మొహం చూస్తాను. ఎవరింటికి పోయినా, పెళ్లయినా చావయినా, నోరు తెరిచే ముందు అట్లాగే చూస్తున్నాను.

సునీత ఆఖరి బిందె కడిగి ఎండలో బోర్లించింది. చేతులు దులుపుకుంటూ నా వైపు తిరిగింది.

“ఏం పాట మామా అది, ఇందాకటి సంది తీస్తున్నవ్?”

నేను పాడుతున్నట్టు నాకే తెలియదు. ఆమె చెయ్యి బిందె మీద ఎట్లా తిరిగితే అట్లా పోయినట్టుంది.

“ఏ పాట?” అన్నాను.