మా సైన్స్ మేడం అనుమానం

మా సైన్స్ మేడం పోయారని ఆమె సొంతూరు కోరుట్ల నుంచి ఫోన్ వస్తే నమ్మలేదు. ఇంకొకరికి చేసి అడిగాకే ఏడ్చాను. మీరు నవ్వుకోవచ్చు గానీ ఆమె నేర్పిన చదువే అలాంటిది. "నేను చెప్పిన్నని నమ్మకుండ్రి, చూసి నమ్ముండ్రి" అంటూ పాఠం మొదలుపెట్టేవారు.

సిరిసిల్లలో మా బడికి ఆడపిల్ల రాకపోతే ఆమెకు ముందు అనుమానమే. తొమ్మిదిలో ఉండగా మా నాయన నన్ను బడి మాన్పించి, మగ్గాలకు నూలు కండెలు చుట్టే పనిలో కూర్చోబెట్టాడు. బడికి మాత్రం జ్వరమని కబురు పంపాడు. సాయంత్రం మేడం నేరుగా లోపలికొచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టారు.

"జ్వరం పిల్లకు లేదు, నీ మాటకే వట్టింది" అన్నారు.

మా నాయన నీళ్లు నమిలి, "ఆడివిల్ల గదా మేడం. గా నీళ్లు, నేల, చెట్ల పాఠాలు దీనికెందుకు?" అన్నాడు.

"మీ ఇంట్ల నీళ్లు మోసేదెవలు? గామెకు గాక ఎవలికి చెప్పాలె?"

నాయన తలూపాడు. ఆ తలూపడాన్నీ ఆమె నమ్మలేదు. చాలా రోజులు మా గుమ్మం ముందు నిలబడి, నన్ను వెంటేసుకునే బడికి వెళ్లారు.

ఆ ఏడే మా వాడ బోరు మీద ఆమెకు అనుమానం పుట్టింది. పక్కనే నూలుకు రంగులద్దే యూనిట్. మాచేత బోరు మూతికి తెల్ల నూలు పోగులు కట్టించారు. కొన్నాళ్లకు అవి గులాబీ రంగుకు తిరిగాయి. అప్పటిదాకా తెల్లబట్టలకు రంగంటితే, అన్నీ కలిపి ఉతికానని అమ్మ నన్నే తిట్టేది. ఆ రోజు ఆ పోగులు పట్టుకుని అమ్మే వెళ్లి యూనిట్ గేటు ముందు కూర్చుంది.

ఇప్పుడు చందుర్తి వైపు ఊళ్లలో నీటి పరీక్షలు చేస్తూ బతుకుతున్నాను. మీ వల్లే మేడం అని ఒకసారి చెబితే, "నిజంగనేనా?" అన్నారు.

కోరుట్లలో ఆమె ఇంటికి ఆ యూనిట్ యజమాని కూడా దండతో వచ్చాడు. కళ్లు తుడుచుకుంటుంటే దగ్గరికెళ్లి చూశాను. కన్నీళ్లు నిజమైనవే. "నీళ్లు సాఫ్ చేసే మిషన్ పెట్టిన. ఇప్పుడు రంగు చుక్క గూడ బయటికి పోతలేదు" అని అందరికీ చెబుతున్నాడు.

వెనకే ఆయన కూతురు. సిరిసిల్లలో మా బడిలోనే, మేడం దగ్గర పదో తరగతి చదువుతున్న పిల్ల. నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అంది: "మిషనైతే ఉన్నదక్కా. నడుస్తుందో లేదో నేనే చూస్తున్న."

తండ్రి వంగి మేడం మీద దండ వేశాడు. ఆ పిల్ల దండ వైపు చూడలేదు. ఆయన పాంటు అంచుకు అంటిన, ఇంకా పూర్తిగా ఆరని నీలం బురద మరకనే చూస్తూ నిలబడింది.