మీనంబాకం దాకా వెళ్లిన కొరమీను

12 ఫిబ్రవరి 1986, బుధవారం. కృష్ణ ఒడ్డున జాలరిపేట. ఉన్నవారు: జాలరుల సంఘం అధ్యక్షుడు నాంచారయ్య, అతని తల్లి సౌరమ్మ, భార్య కోటేశ్వరి, వ్యాను డ్రైవరు మస్తాన్, పేటలోని ఆడవాళ్లు పది మంది దాకా, నేను.

నాంచారయ్య బళ్లో నా దగ్గర చదువుకున్నాడు. మద్రాసులో ఎగుమతి వ్యాపారి ఒకాయన వీళ్ల కొరమీను రుచి చూసి, ఒక లోడు మంచులో పెట్టి విమానంలో దుబాయి పంపిద్దామన్నాడు. అది బాగా చేరితే వారం వారం తీసుకుంటానన్నాడు. "మీరు పక్కనుంటే చాలు మాస్టారూ. ఆ ఆఫీసుల్లో ఇంగ్లీషు వినపడితే నాకు నోరు పెగలదు" అని నాంచారయ్య సత్తెనపల్లి వచ్చి మరీ అడిగాడు. రిటైరైన వాణ్ణి, పనేముంది? బయల్దేరాను.

పొద్దున మాచర్ల పాసింజరు ఎక్కాను. రెంటచింతలలో దిగాల్సిన ఒకామె ఎదురుగా కూర్చుంది. ఎక్కడికని అడిగితే సంగతి చెప్పాను.

"చేపలు ఇమానంలో పోతయ్యా! మా ఊళ్లో మడిసే ఎక్కలా ఇంతవరకూ. టిక్కెట్టు తీస్తారా వాటికి?"

"తూకాన్ని బట్టి తీస్తారమ్మా."

"అయితే మా ఆయన్ని పంపకూడదు. చానా అవుద్ది" అంది. రైలుపెట్టెలో అందరూ నవ్వారు.

మాచర్లలో దిగి, పూరీ తిని, బస్సులో పేటకు చేరేసరికి పదకొండు దాటింది. తెల్లవారుజామున పట్టిన చేపను అప్పటికే శుభ్రం చేస్తున్నారు. మాచర్ల ఐసు ఫ్యాక్టరీ నుంచి ఊకతో కప్పి తెచ్చిన మంచుదిమ్మలను మగవాళ్లు కొట్టి పొడి చేస్తున్నారు. వ్యాపారి పంపిన తెల్లటి థర్మోకోల్ పెట్టెల్లో ప్లాస్టిక్ సంచి పరిచి, అడుగున మంచు, దానిమీద చేప, మళ్లీ మంచు. నీళ్లు ఒక్క చుక్క కారినా విమానం వాళ్లు తీసుకోరని ముందే చెప్పారు కాబట్టి నాంచారయ్య ప్రతి సంచినీ నీళ్లు పోసి చూశాడు. చేతి గడియారం లేని మనిషి, నన్ను పదే పదే టైమడిగాడు.

సౌరమ్మ మాత్రం వ్యాను చుట్టూ తిరుగుతోంది. "అబ్బాయ్, పాత మేకులేమన్నా ఉండయ్యా నీ బండిలో?" అని మస్తాన్‌ని అడిగింది. "బండే పాత మేకమ్మా, తీసుకో" అన్నాడతను. ఆమె నవ్వి, సీటు కింద డబ్బా వెతికి గుప్పెడు తీసుకుపోయింది. గుడిసెకేమో అనుకున్నాను.

మేము మగవాళ్లం అన్నాలకు కూర్చున్నాం. ఆలోగా ఆడవాళ్లు మూతలు పెట్టి, టేపు చుట్టి, పెట్టెలు వ్యానుకెక్కించారు. నాలుగింటికి సౌరమ్మ ఎదురొచ్చింది. బయల్దేరాం.

దీపాలు పెట్టే వేళకు పిడుగురాళ్లలో ఆగాం. నాంచారయ్య తమ్ముడు ఏడుకొండలు అక్కడ సున్నం బట్టీలో పని చేస్తున్నాడు. వల వదిలేసి రెండేళ్లయింది. కనుబొమ్మల దాకా తెల్లగా ఉన్న మనిషి, దగ్గుకుంటూ టీ కొట్టు దగ్గరికి వచ్చాడు. పెట్టెలను చేత్తో తట్టి చూశాడు.

"ఒరేయ్, ఇది పాసైతే వారం వారం సరుకు కావాలి. చేతులు చాలవు. వచ్చెయ్" అన్నాడు నాంచారయ్య.

"కబురు చెయ్యన్నా. తెల్లారేసరికి పడవలో ఉంటా. ఈ దుమ్ముకంటే నీచువాసనే నయం."

నరసరావుపేటలో భోజనం. అక్కడి నుంచి చిలకలూరిపేట, ఒంగోలు. ముందు సీటులో నేనూ నాంచారయ్యా ఒకరి భుజం మీద ఒకరం నిద్రపోయాం, మస్తాన్ నడుపుతూనే ఉన్నాడు. తెల్లవారాక నెల్లూరు దాటి, సూళ్లూరుపేటలో ఇడ్లీ తిన్నాం. నాంచారయ్య తినలేదు. వ్యాను వెనక్కి వెళ్లి, పెట్టెలకు చెంప ఆనించి, "చల్లగానే ఉండయ్ మాస్టారూ" అని వచ్చాడు. మద్రాసు మీనంబాకం విమానాశ్రయంలో సరుకుల షెడ్డు దగ్గర ఆగేసరికి పదిన్నర.

వ్యాపారి తరఫు మనిషి శ్రీనివాసన్ కాగితాలతో సిద్ధంగా ఉన్నాడు. ఆరోగ్య తనిఖీ అధికారి పన్నెండుకు వచ్చాడు. నడివయసు మనిషి, తెలుగు బాగా వచ్చు. ఒక పెట్టె చూపించి విప్పమన్నాడు. నాంచారయ్య టేపు తీశాడు.

మంచు కరగలేదు. దానిమీద ఒక బొగ్గుముక్క, ఒక తుప్పు పట్టిన మేకు ఉన్నాయి. తుప్పు చుట్టూ మంచు ఎర్రబడింది.

అధికారి ఇంకో పెట్టె విప్పించాడు. బొగ్గు, మేకు. మూడోదీ అంతే.

పచ్చిమాంసమైనా చేపైనా పొలిమేర దాటేటప్పుడు గాలీ ధూళీ సోకకుండా బొగ్గూ ఇనుమూ వేసి పంపడం మా వైపు ప్రతి ఇంట్లో ఉన్నదే. పక్క వీధికి గిన్నెలో కూర పంపినా ఎండుమిరపకాయ వేయందే ఇవ్వరు. ఈ సరుకు సముద్రం దాటి పోతోంది మరి.

"తీసేస్తాను సార్. ఒక్క గంట. అన్నీ ఏరేస్తాను" అన్నాడు నాంచారయ్య. చేతులు అప్పటికే మంచులో ఉన్నాయి.

నేను కూడా ఇంగ్లీషులో, తెలుగులో చెప్పి చూశాను. అధికారి నన్ను పక్కకు పిలిచాడు.

"మా అమ్మా వేస్తుందండీ. నేను ఊరినుంచి వేటమాంసం తెచ్చుకున్నప్పుడల్లా నా సంచిలో బొగ్గు ఉంటుంది. కానీ తినే వస్తువులో తుప్పు మేకు కనబడ్డాక బాగుందని ఎలా సంతకం పెట్టను? చేప కడిగి, కొత్త మంచుతో, కొత్త సంచుల్లో మళ్లీ కట్టాలి. సాయంత్రం విమానానికి అయ్యే పని కాదు."

శ్రీనివాసన్ ఫోను చేసి వచ్చాడు. దుబాయి కొట్టువాడు ఈ వారం సరుకు రాకపోతే వేరేచోట చూసుకుంటాడట. "చేప ఫస్టుక్లాసు. నాకే బాధగా ఉంది" అన్నాడు. అది అబద్ధం కాదు. మద్రాసులోనే చింతాద్రిపేట చేపల బజారులో ఆ చేపను చూసిన వాళ్లంతా అదే మాటన్నారు. వచ్చిన రేటుకు అమ్మేసి, చీకటి పడేలోగా తిరుగుదారి పట్టాం.

గూడూరు దాటాక నాంచారయ్య నోరు విప్పాడు. "అమ్మకు మేకుల సంగతి చెప్పమాకండి మాస్టారూ. ఎండలో ఇల్లిల్లూ తిరిగి ఏరుకొచ్చుంటది." చెప్పనని మాటిచ్చాను.

శుక్రవారం పొద్దున పిడుగురాళ్లలో ఏడుకొండలు బట్టీ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. కబురు కోసం ఆగలేకపోయాడు. అన్న మొహం చూశాక అడగలేదు. నాంచారయ్యే జరిగిందంతా చెప్పాడు. అతను చాలాసేపు దగ్గి, "మన అమ్మేనా?" అన్నాడు. "ఇంకెవురు!" అన్నాడు అన్న. ఇద్దరికీ నవ్వు వచ్చింది, ఆగిపోయింది. ఏడుకొండలు తలగుడ్డ మూతికి చుట్టుకుని లోపలికి వెళ్లాడు.

పేటలో నాంచారయ్య "పాస్ కాలా" అని మాత్రం అన్నాడు. సౌరమ్మ కోడలివైపు తిరిగింది.

"ఏమే, నే చెప్పలా? చివరి పెట్టెలో బొగ్గేశావుగానీ మేకెయ్యలా నువ్వు!"

"ఏశా అత్తా, నీ ఎదురుగానే!"

"ఏసుంటే ఇట్టెందుకయిద్ది? ఈసారి రెండేసి ఎయ్యాల."

కోటేశ్వరి కళ్లనీళ్లు పెట్టుకుంది. నాంచారయ్య ఏటివైపు వెళ్లిపోయాడు. అతనికి ఇచ్చిన మాట వల్ల నేనూ ఏమీ అనలేకపోయాను. ఆ ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఆ మేకు ఇంకెన్నాళ్లు ఉంటుందో తెలియదు.

ఈ దారిన సరుకు పంపదలచినవారికి నా మనవి ఒకటే. పెట్టె మూసే చేతులెవరివో వాళ్లను ముందు కూర్చోబెట్టి మాట్లాడండి. మంచెంత వేయాలో, టేపెలా చుట్టాలో ఆ ఆడవాళ్లకు అందరం చెప్పాం. పెట్టె ఎక్కడికి పోతోందో, అక్కడ దాన్ని ఎవరు విప్పి చూస్తారో ఒక్కరమూ చెప్పలేదు.

పాసింజరు వెళ్లిపోవడంతో ఆ రాత్రి పేటలోనే ఉన్నాను. మర్నాడు ఉదయం బస్సు దగ్గరికి సౌరమ్మ ఆకుపొట్లం పట్టుకుని వచ్చింది. వేయించిన కొరమీను ముక్కలు. "పిల్లోడి కోసం శానా తిరిగావు మాట్టారూ. దోవలో తిను" అంది. బస్సు కదిలాక పొట్లం విప్పాను. ముక్కల మీద చిన్న బొగ్గుముక్క. పక్కన కూర్చున్నాయన చూసి, "పారేయండి సార్, మసి అంటుద్ది" అన్నాడు.

పొలిమేర దాటేదాకా తీయలేదు.