తువ్వాలు కింద కొన్న ఇల్లు

కుళ్లాయప్పకు ఇల్లు కొనమని చెప్పింది నేనే. వేరేవాళ్ల నోట మీరు వినకముందే ఒప్పుకోవడం మేలు. వేముల మండలంలో ముప్పై నాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. నా పేరు మీద ఒక్క సెంటు జాగా లేదు గానీ, ఇళ్ల గురించి ఎవరడిగినా గంటసేపు చెప్పగలను.

కుళ్లాయప్ప మా ఊరి గొర్రెల కాపరి. వయసు అరవై దాటింది. ఆయన, భార్య నాగులమ్మ, తొంభై గొర్రెలు, అదే సంసారం. ఎండాకాలంలో మందను తోలుకుని దువ్వూరు పక్కకు పోయేవాళ్లు. రాత్రికి ఎవరి చేలో మంద నిలిపితే ఆ చేనుకు ఎరువు పడుతుంది. అందుకని ఆ రైతే వీళ్లకు డబ్బులిస్తాడు.

నిరుడు నాగులమ్మ మోకాళ్లు మొరాయించాయి. "ఇంగ ఈమె నడ్సలేదు అయివోరూ. కూసోని తినే దోవ ఏదన్నా చెప్పు" అని కుళ్లాయప్ప నా దగ్గరికి వచ్చాడు. గొర్రెలమ్మి ప్రొద్దుటూరులో చిన్న ఇల్లు కొంటే నెలనెలా బాడుగ వస్తుందని చెప్పాను. నేను చెప్పిన తీరు చూస్తే నాకే పదిళ్లున్నాయనుకోవాలి.

ఇల్లు చూపించిందీ నేనే. జమ్మలమడుగులో ఇనుప సామాన్ల అంగడి నడిపే లోకనాథ్ ప్రొద్దుటూరులో తనకున్న రెండు గదుల పాత ఇల్లు అమ్ముతున్నాడు. పన్నెండు లక్షలు అడుగుతున్నాడు. కుళ్లాయప్ప గొర్రె పళ్లు చూసినంత శ్రద్ధగా బయటి గోడలు తట్టి చూశాడు, వాకిట్లో కొళాయి తిప్పి చూశాడు. లోపల ఒకామె పొయ్యి దగ్గరుంది. "బాడుగోళ్లు ముందే ఉండారు, ఎతుక్కునే పని లేదు" అని సంబరపడ్డాడు. ఇంట్లో మగదిక్కు లేదని మేమిద్దరం గడప దాటకుండా, మర్యాదగా వీధిలోకి వచ్చేశాం.

బేరం లోకనాథ్ అంగట్లో జరిగింది. కుళ్లాయప్పకు నోటితో బేరమాడటం నామోషీ. సంతలో గొర్రెల బేరం తువ్వాలు కిందే జరుగుతుంది. ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు, చుట్టూ ఉన్నవాళ్లకు తెలియదు. లోకనాథ్ తండ్రి ఎద్దుల వ్యాపారి కాబట్టి అతనికీ ఆ విద్య తెలుసు. నవ్వుతూ చెయ్యి చాచాడు. కుళ్లాయప్ప తువ్వాలు కప్పి ఐదు వేళ్లు పట్టి వదిలి, మళ్లీ నాలుగు పట్టాడు. తొమ్మిది లక్షలు. లోకనాథ్ మారు మాట లేకుండా ఒప్పుకున్నాడు. మూడు లక్షలు ఒక్క పట్టులో తగ్గేసరికి నాకు కొంచెం అనుమానం రావాల్సింది. రాలేదు, గర్వం వచ్చింది.

గొర్రెలన్నీ అమ్ముడుపోయాయి, రిజిస్ట్రేషన్ అయింది. "మూడు లచ్చలు ఇరగ్గొట్టినా" అని కుళ్లాయప్ప ఊరంతా చెప్పుకున్నాడు. ఒకటో తేదీన ఇస్త్రీ పంచె కట్టుకుని బాడుగకు బయల్దేరాడు. నేనూ వెంట పోయాను.

ఆ ఇంట్లో ఉంటున్నామె మహబూబ్‌బీ. భర్త కువైట్‌లో డ్రైవరు. మాకు కుర్చీలేసి, టీ ఇచ్చి, సంగతి విని, కాసేపు మా ఇద్దరి మొహాలూ చూసింది.

"బాడుగ ఏందన్నా? మేం భోగ్యానికి ఉండాం గదా. మూడేండ్లకని మూడు లచ్చలు ముందే ఇచ్చినాం. గడువైనాక ఆ మూడు లచ్చలు మీరు మాకిస్తే మేం ఖాళీ చేస్తాం. అంతవరకూ బాడుగ ఉండదు" అంది. లోపలికి పోయి కాగితం తెచ్చింది. చదివాను. గడువు ఇంకా పద్నాలుగు నెలలుంది.

కుళ్లాయప్పకు భోగ్యం తెలియక కాదు. చేలు భోగ్యానికి పెట్టడం చూశాడు. ఇళ్లు కూడా పెడతారని ఆయనకు తోచలేదు. నాకు తోచాల్సింది.

నేరుగా జమ్మలమడుగు పోయాం. లోకనాథ్ మాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. "పన్నెండులో ఆయమ్మకు ఇయ్యాల్సిన మూడు తీసేస్తే తొమ్మిది. నువ్వు లెక్క తెలిసే పట్టినావనుకున్యా మామా. పక్కన లెక్కల అయివోరు గూడా ఉండె గదా" అన్నాడు. నా వైపు చూడకుండా ఉండాల్సింది, చూశాడు.

"ఇప్పుడేం చేయాల?" అన్నాడు కుళ్లాయప్ప.

"గడువయ్యేసరికి ఇంగొకరి దగ్గర మూడు లచ్చలు భోగ్యం పట్టుకోని ఆయమ్మకు ఇచ్చేయ్. అందరూ చేసేదదే."

"మరి బాడుగ ఎప్పుడొస్తాది?"

లోకనాథ్ తూకం రాళ్లు సర్దడం మొదలుపెట్టాడు.

బస్సులో కుళ్లాయప్ప టిక్కెట్టు మడిచి తువ్వాలు కొసన ముడేసుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "మేం ఒకరి చేలో పండుకుంటే ఆ రైతే మాకు దుడ్లు ఇచ్చె. ఈడ నా ఇంట్లో ఆయమ్మ పండుకుంటే, నేనే ఆయమ్మకు ఇయ్యాల. ఇల్లు నాదేనా అయివోరూ?"

నీదే అన్నాను. కాగితాల ప్రకారం అది నిజమే. కానీ ఆయన ముఖం చూస్తే నాకూ సందేహం వచ్చింది.

మూడు లక్షలు చేతిలో లేవు. తినడానికి గొర్రెలూ లేవు. కుళ్లాయప్ప పులివెందుల ఆసామి ఒకాయన మందకు జీతానికి కుదిరాడు. రెండొందల గొర్రెలకు ఒక్క మనిషి చాలడు కాబట్టి నాగులమ్మ కూడా పోయింది. ఎవరి మోకాళ్ల కోసం ఇల్లు కొన్నామో ఆమే మళ్లీ నడుస్తోంది. ఆ సిగ్గుతో నేను రెండు నెలలు వాళ్లకు ఎదురుపడలేదు.

చివరికి మనసు ఊరుకోక మొన్న దువ్వూరు పక్క చేలల్లో వెతుక్కుంటూ పోయాను. కుళ్లాయప్ప నీళ్లకు పోయాడు. నాగులమ్మ రెండు మోకాళ్లకూ గుడ్డ చుట్టుకుని, చంకలో గొర్రెపిల్లతో నిలబడి ఉంది.

"తప్పు నాదే నాగులమ్మా. నేను చెప్పకుండా ఉండాల్సింది" అన్నాను.

"నువ్వు చెప్పినావు, ఆయప్ప ఇన్యాడు. తొంభై గొర్రెల్లో సగం నా చేతి మీద పుట్టినవే. నన్ను మాత్రం ఒక్కరూ అడగల్యా" అంది. గొంతులో కోపం లేదు.

"అడిగుంటే ఏం చెప్పేదానివి?"

ఆమె గొర్రెపిల్లను కిందికి దించి, అది తల్లి దగ్గరికి చేరేదాకా చూసింది.

"నాకు ఇండ్ల సంగతి ఏం తెలుసు అయివోరూ? నన్ను గూడా పిల్సుకోని పొమ్మందును. మీరు గడప కాడ్నే నిలబడిపోయినారంట గదా. నేనైతే లోపలికి పోయి, ఆయమ్మ పక్కన కూసోని, బాడుగ ఎంత కడతాండావు తల్లీ అని అడిగేదాన్ని."